డెబ్బై మూడో గడిలో సున్నా

మూడోసారి కూడా తప్పు వచ్చిందని తెలిసిన గురువారం మధ్యాహ్నం నేను ఆఫీసులో నా కుర్చీలోంచి లేవలేదు. టిఫిను డబ్బా విప్పలేదు. హైదరాబాదు నుంచి వచ్చిన ప్యూను బల్ల మీద పెట్టి వెళ్లిన పొడుగాటి కాగితాల మడత నా ముందు ఉంది. ఫ్యాను గాలికి దాని అంచు లేస్తూ పడుతూ ఉంటే, అరచేత్తో నొక్కి పట్టుకుని, చివర ఉన్న ఒకే ఒక్క ఇంగ్లీషు వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదువుకున్నాను. పదిహేను అనే సంఖ్య ఉన్న వాక్యం ఈ ప్రోగ్రాంలో ఎక్కడా లేదు అని దాని అర్థం.

నేను పదిహేను అని ఎక్కడా రాయలేదు.

డెబ్బైల చివరి సంగతి ఇది. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, విజయవాడలో కాలువల నీళ్ల లెక్కలు చూసే ఒక ఆఫీసులో తాత్కాలికపు ఉద్యోగంలో చేరాను. చేరిన ఆరు నెలలకు నన్ను హైదరాబాదు పంపి, కంప్యూటరుకు ప్రోగ్రాం రాయడం నేర్పించారు. మా ఊళ్లో కంప్యూటరు చూసినవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. నేను కూడా దాన్ని అద్దాల గోడకు ఇవతలి నుంచి చూశానే తప్ప ముట్టుకోలేదు. ప్రోగ్రాం గడుల కాగితం మీద పెన్సిలుతో రాయడం నా పని. ఆ కాగితం హైదరాబాదు వెళ్తే, అక్కడ పంచింగ్ సెక్షన్‌లో ఆడవాళ్లు ఒక్కో లైనుకు ఒక్కో అట్ట కార్డు చొప్పున చిల్లులు కొట్టేవారు. ఆ కార్డుల కట్టను మిషనుకు తినిపించేవారు. మిషను వారానికి ఒక్కసారి, శనివారం పదకొండింటికి, ఒక్క గంట మాది. తప్పు ఉంటే మిషను ఏ పనీ చెయ్యకుండా, ఇదిగో ఇలా ఒక కాగితం అచ్చేసి మొహాన కొట్టేది.

జూన్లో కాలువలకు నీళ్లు వదిలేటప్పుడు బ్యారేజీ దగ్గర మట్టం తక్కువుంటే నీళ్లు వంతుల మీద ఇవ్వాలి. ఏ కాలువకు ఏ రోజులు, ఎవరిది ముందు, ఎవరిది ఆపాలి అన్న పట్టిక ప్రతి ఏడూ మా సూపరింటెండెంటుగారు ఇద్దరు గుమాస్తాలను పెట్టుకుని మూడు వారాలు చేత్తో వేసేవారు. ఆ ఏడు మా ఇంజనీరుగారు, "ఈసారి మిషను చేస్తుందండీ, గంటలో," అని పై ఆఫీసరుగారి ముందు మాట ఇచ్చేశారు. మాట ఆయనది, రాయాల్సింది నేను.

ఆ ప్రోగ్రాంలో ముఖ్యమైనది 'ఇఫ్' అనే వాక్యం. "అదేంటే?" అని మా అమ్మ అడిగితే చెప్పాను. "నీళ్లు ఇంతకంటే తక్కువుంటే ఈ కాలువ వంతు ఆపి నూట యాభయ్యో వాక్యానికి వెళ్లు, లేకపోతే కింద లైనుకి రా, అని మిషనుకి చెప్పడం." అమ్మ చర్చివాళ్ల మిషనరీ బళ్లో టీచరు. ఆవిడ విని, "ఇంతేనా? దీనికి హైదరాబాదు పోవాలా?" అంది. చెప్పడానికి ఇంతే. రాయడానికి మాత్రం అందులో ఒక షరతు లోపల ఇంకో షరతు, వాటి చుట్టూ బ్రాకెట్లు, మధ్యలో చుక్కలు. ఒక్కటి తప్పినా మిషను ఊరుకోదు.

మొదటిసారి నేనే బండెక్కి వెళ్లాను. కొండపల్లి దాటేదాకా ఒళ్లో ఉన్న కాగితాల కవరును రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నాను. ఆ ప్రయాణంలో కిటికీలోంచి ఏం చూశానో నాకు ఒక్కటీ గుర్తులేదు. చేతుల చెమటకు కవరు మీద సిరా అలుక్కుపోవడం మాత్రం గుర్తుంది. ఆసారి ఇరవై మూడు తప్పులు వచ్చాయి. సిగ్గుతో చచ్చిపోయాను గానీ, అవన్నీ కళ్లకు కనపడే తప్పులే. చుక్క మరిచిపోవడం, సున్నా బదులు 'ఓ' అక్షరం పడటం లాంటివి. అక్కడే కూర్చుని దిద్ది వచ్చాను.

రెండోసారి కాగితాలు ప్యూను పట్టుకెళ్లాడు. ఒకే తప్పు వచ్చింది. ఆ ఇఫ్ వాక్యం దగ్గర. సింటాక్స్ ఎర్రర్, అంటే వాక్యం కట్టడంలో దోషం. ఏ దోషమో చెప్పదు, లైను ఒక్కటే చూపిస్తుంది.

ఆ లైనును ఆఫీసులో చూశాను, బస్సులో చూశాను, ఆదివారం చర్చి నుంచి వచ్చి చీరైనా మార్చుకోకుండా వరండాలో కూర్చుని చూశాను. బ్రాకెట్లు లెక్కపెట్టాను. ఆరు తెరిచినవి, ఆరు మూసినవి. మళ్లీ లెక్కపెట్టాను. ఆరూ ఆరే. తాత్కాలికపు ఉద్యోగం, ఆరు నెలలకోసారి పొడిగింపు. ఆ నెలాఖరుకు నాది అయిపోతుంది.

మా నాన్న వచ్చి పక్కన కూర్చున్నారు. ఆయన వన్ టౌన్‌లో ఒక అచ్చుఆఫీసులో ప్రూఫ్ రీడరు. నేను పుట్టక ముందు నుంచీ అదే పని. అచ్చుతప్పు ఆయన కంట్లో పడకుండా పోదని పేరు. పెళ్లి శుభలేఖ ఇస్తే ముందు తప్పులు చూసి, తర్వాత పెళ్లికొడుకు ఎవరని అడిగే మనిషి.

"ఏదో తప్పుందన్నావు, దొరికిందా?" అన్నారు.

"లేదు నాన్నా. ఎక్కడుందో తెలియట్లేదు."

"ఎన్నిసార్లు చదివావు?"

"లెక్కలేదు."

"నోటితోనా, కళ్లతోనా?"

"కళ్లతోనే."

"అదే మరి. సొంత రాత కళ్లతో చదివితే దొరకదమ్మా. ఉన్నది కనపడదు, ఉండాల్సింది కనపడుద్ది. పెద్దగా చదువు. చుక్క కూడా వదలొద్దు. బ్రాకెట్ తెరిస్తే 'తెరు' అను, మూస్తే 'మూయ్' అను. నేను వేళ్లు ముడుస్తా."

అచ్చుఆఫీసులో పద్ధతి అదేనట. కాపీ హోల్డరు అనే ఆయన అసలు ప్రతిని పైకి చదువుతుంటే, ప్రూఫ్ రీడరు అచ్చయిన కాగితం మీద చూసుకుంటూ పోతాడు. నా దగ్గర ఆ కాగితానికి ఇంకో కాపీ ఉంటే నాన్న చేతికిచ్చి, నేను చదవడం మొదలుపెట్టాను. ఇఫ్, తెరు, తెరు, లెవెల్, తెరు, ఐ, మూయ్, చుక్క, ఎల్, టీ, చుక్క... నా గొంతు నాకే పిచ్చిదానిలా వినపడింది. వంటింట్లోంచి అమ్మ తొంగి చూసి వెళ్లింది.

నేను ఆపగానే నాన్న రెండు చేతులూ పైకెత్తి చూపించారు. మూసిన వాటికి కుడిచేతి వేళ్లు ఐదూ ముడిచి, మూయకుండా మిగిలినదానికి ఎడమచేతి బొటనవేలు ఒక్కటి చాచి ఉంచారు.

"ఆరు తెరిచావు, ఐదే మూశావు. 'లెవెల్' అయిపోయాక ఒకటి మూశావు చూడు, అక్కడ రెండు మూయాలేమో."

చూశాను. నిజమే. వారం రోజులుగా అక్కడ లేని బ్రాకెట్‌ను నేను ఉన్నట్టు లెక్కపెడుతున్నాను.

"నాన్నా!" అని ఆయన మీదికి వంగాను. అప్పుడు కనపడింది, ఆయన ఒళ్లో ఉన్న కాగితం మీద ఆయన చూపుడువేలు. అది నేను చదివిన లైను మీద లేదు. కాగితం అడుగున, ఏమీ రాయని ఖాళీ చోట ఉంది.

అది నేను చూశాను. చూసి కూడా ఏమీ అడగలేదు. తప్పు దొరికిన సంబరం ముందు ఇంకేదీ మనసుకు ఎక్కలేదు. రెండు గడుల మధ్య చిన్న గుర్తు పెట్టి, దాని మీద బ్రాకెట్ ఇరికించి రాసి, సోమవారం కాగితం హైదరాబాదు పంపించేశాను.

శనివారం మా గంటలో దాన్ని మిషనుకు పెట్టాక, ఆ తర్వాతి గురువారం ఫలితంగా వచ్చినది ఆ పదిహేను.

ఇది ఇంకా భయపెట్టింది. ఇంతకు ముందు తప్పు నాదని తెలుసు, ఎక్కడుందో తెలియదు, అంతే. ఇప్పుడు నేను నూట యాభై అని రాశాను. మిషను అచ్చేసిన కాగితంలో కూడా ఆ లైను చివర నూట యాభై అనే ఉంది. కిందికొచ్చేసరికి అదే మిషను పదిహేనో వాక్యం ఎక్కడ అని అడుగుతోంది. నా బుర్రకు ఏమైనా అయిందా అనిపించింది. పక్క గుమాస్తాగారిని పిలిచి, "ఇక్కడేం రాసుందండీ?" అని అడిగాను. "నూట యాభై," అన్నాడాయన. "ఎందుకమ్మా?" అన్నాడు. ఏం లేదన్నాను.

సోమవారం పొద్దున మీటింగు. పై ఆఫీసరుగారు వస్తున్నారు. శనివారం గంట పోతే మళ్లీ వారం దాకా లేదు. సాయంత్రం ఇంజనీరుగారు నా బల్ల దగ్గర ఆగారు. ఆయన ఎప్పుడూ కేకలు వేసే మనిషి కాదు, అందుకే ఆయనంటే ఎక్కువ భయం.

"ఏమ్మా, అయిపోయినట్టేనా?"

"ఒక్క తప్పు ఉందండీ."

"పోయినసారీ ఒక్కటే అన్నావు."

"అది వేరండీ, ఇది వేరండీ."

ఆయన నా మొహం వంక చూసి, "శనివారానికి కావాలమ్మా," అని వెళ్లిపోయారు. సూపరింటెండెంటుగారు కళ్లజోడు పైనుంచి చూస్తున్నారు. ఆయన ముందున్న పెద్ద రిజిస్టరులో ఎర్రసిరా గీతలు కొత్తగా పడి ఉన్నాయి. చేత్తో పట్టిక వేయడం ఆయన మానలేదని అప్పుడర్థమైంది. మనసు మండిపోయింది.

శుక్రవారం పగలంతా ఏమీ తేలలేదు. నాలుగింటికి ఆఫీసులో చెప్పి, కాగితాలు పట్టుకుని వన్ టౌన్‌కు రిక్షా ఎక్కాను. నాన్న సాయంత్రం ఇంటికొచ్చేదాకా ఆగే ఓపిక నాకు లేదు. గోడౌన్ల ముందు తోపుడుబళ్లు అడ్డం పడి రిక్షా కదలకపోతే మధ్యలోనే దిగి నడిచాను.

అచ్చుఆఫీసులోకి నేను చిన్నప్పుడు చాలాసార్లు వెళ్లాను గానీ, కాలేజీలో చేరాక మళ్లీ వెళ్లలేదు. లోపల అదే సీసం వాసన, అదే ఉక్క. కంపోజిటర్లు నిలబడి గడుల అరల్లోంచి అక్షరాలు ఏరుతున్నారు. నాన్న బల్ల చివర కిటికీ దగ్గర. ఎదురుగా కాపీ హోల్డరుగారు కూర్చుని చదువుతున్నారు. ఆయనా నాన్నా ఇరవై ఏళ్లుగా జంట.

నేను గుమ్మంలో ఆగిపోయాను.

కాపీ హోల్డరుగారు కాపీ ఒక్కటే చదవడం లేదు. ఒక వాక్యం కాపీలోంచి చదివి, అదే వాక్యం ప్రూఫులోంచి కూడా ఆయనే చదువుతున్నారు. నాన్న తల వంచి వింటున్నారు. ఒకచోట నాన్న చెయ్యి ఎత్తారు. అప్పుడు కాపీ హోల్డరుగారు బల్ల మీదుగా వంగి, నాన్న మణికట్టు పట్టుకుని, పెన్ను మొనను కాగితం మీద ఒకచోట ఆనించారు. నాన్న అక్కడ దిద్దుబాటు గుర్తు పెట్టారు. ఏ పొరపాటూ లేకుండా, ఎప్పటిలాగే అందంగా పెట్టారు. ఇద్దరూ మళ్లీ మొదలుపెట్టారు.

నేను దగ్గరకు వెళ్లాను. నాలుగడుగుల దూరంలో ఉండగా నాన్న తలెత్తి, "ఎవరండీ?" అన్నారు.

"నేనే నాన్నా."

కాపీ హోల్డరుగారు నన్ను చూసి, చూపు దించుకున్నారు.

అప్పుడు అడగాల్సింది ఒకటుంది. నేను అడిగింది ఇంకొకటి. "నాన్నా, మిషను నా సున్నా తినేసింది," అన్నాను. సంగతంతా చెప్పాను. నూట యాభై రాశాననీ, కాగితం మీద ఉందనీ, మిషనేమో పదిహేను అంటోందనీ.

నాన్న విన్నారు. "ఆ సున్నా లైనుకి ఆఖరుదా?"

"అవును."

"మీ లైనుకి కొలతుంటదా?"

"కొలతంటే?"

ఆయన చెయ్యి చాచి బల్ల మీద తడిమి, కంపోజిటర్లు అక్షరాలు పేర్చుకునే స్టిక్కు తీశారు. అరచేతిలో ఇమిడే ఇనప తట్ట లాంటిది. బొటనవేలుతో దాని ఈ చివర నుంచి ఆ చివరకు రాశారు. "ఇదిగో, ఇందులో పట్టినంతే లైను. నువ్వు మొన్న మధ్యలో ఒక బ్రాకెట్ ఇరికించావు గదా. మధ్యలో ఒకటి దూరితే చివర ఒకటి బయటికి తోసుకుంటది. మా దగ్గరైతే కింద లైనుకి పోద్ది. మరి మీ దగ్గర ఎక్కడికి పోద్ది?"

నేను అక్కడే నేల మీద కూర్చుని కాగితాలు పరిచాను. కార్డుకు ఎనభై గడులు. అందులో మిషను చదివేది డెబ్బై రెండు వరకే. చివరి ఎనిమిది గడులు కార్డు వరుస సంఖ్య రాసుకోవడానికి. అక్కడ ఏమున్నా మిషను అచ్చేసి చూపిస్తుంది గానీ, లెక్కలోకి తీసుకోదు. ఈ సంగతి శిక్షణలో మొదటి రోజే చెప్పారు. నేను రాసిన లైను సరిగ్గా డెబ్బై రెండో గడిలో ముగిసింది. తర్వాత నేను రెండు గడుల మధ్య బ్రాకెట్ ఇరికించి రాశాను. పంచ్ చేసినావిడ దానికి ఒక గడి ఇచ్చింది. ఇవ్వాలి కూడా. అక్కడి నుంచి అన్నీ ఒక్కో గడి జరిగాయి.

కాపీ హోల్డరుగారు ఇచ్చిన సూదిలాంటి ఇనుపముక్క పెట్టి, మిషను అచ్చేసిన లైనులో ఒక్కో అక్షరం, ఒక్కో ఖాళీ లెక్కపెట్టాను. ఒకటికి డెబ్బై ఒకటి. ఐదుకు, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టి చూసినా, డెబ్బై రెండే. సున్నా డెబ్బై మూడో గడిలో ఉంది.

"దొరికింది," అన్నాను. ఏడుపొచ్చింది.

"చూశావా," అన్నారు నాన్న. నేను ఉన్న వైపు కాకుండా కొంచెం పక్కకు నవ్వారు.

కాపీ హోల్డరుగారు టీ తాగొస్తానని లేచి వెళ్లారు. మేమిద్దరమే ఉన్నాం.

"ఎన్నాళ్లయింది నాన్నా?"

"ఏది?"

"కళ్లు."

ఆయన స్టిక్కును బల్ల మీద సర్దారు. సర్దినదాన్నే మళ్లీ సర్దారు. "క్రిస్మస్ ముందు నుంచి. మంచు పట్టినట్టు ఉంటది. పొద్దున పూట కొంచెం నయం."

"మరి చర్చిలో పాటల పుస్తకం పట్టుకుని పాడుతున్నారు గదా?"

"అవన్నీ నోటికొచ్చినయ్యే గదమ్మా."

"పని ఎట్లా చేస్తున్నారు?"

"చూశావు గదా. ఆయన చదువుతాడు, నేను వింటా. కథల పుస్తకాలకి ఇబ్బంది లేదు. బళ్లు తెరిచే లోపు పాఠ్యపుస్తకాలు అయిపోవాలి. వాటిల్లో పట్టికలుంటయ్. అవే భయం." బల్ల అంచు తడుముతూ, "మీ అమ్మకి చెప్పమాక. జూన్ దాటనీ," అన్నారు.

"ఈలోపు ఏదైనా తప్పు పోతే?"

"రోజూ అదే అనుకుంటన్నా," అన్నారు ఆయన. మామూలుగానే అన్నారు. కాకపోతే చేతులు బల్ల కింద పెట్టుకున్నారు.

నాకు అప్పుడు తెలిసింది, నాలుగు వారాలుగా ఇంట్లో భయంతో గుండె కొట్టుకుంటున్నది నా ఒక్కదానికే కాదని. ఆయన మొహంలోకి చూసి ఉంటే ఎప్పుడో తెలిసేది. నేను కాగితం మీది నుంచి తలెత్తలేదు.

శనివారం పొద్దున తొమ్మిదింటికల్లా ఆఫీసులో ఉన్నాను. కాగితం పంపే వ్యవధి లేదు. కార్డులు హైదరాబాదులోనే ఉన్నాయి కనక, ఆ ఒక్క కార్డు మార్చితే చాలు. లైనులో మాటల మధ్య నేను వదిలిన ఖాళీలు తీసేస్తే అక్షరాలు దగ్గరకు జరుగుతాయి. ఆ భాషలో ఖాళీలుంటే ఒకటే, లేకపోతే ఒకటే. కాబట్టి ఫోనులో చెప్పాలి. ట్రంక్ కాల్‌కు సూపరింటెండెంటుగారి సంతకం కావాలి.

ఆయన సంతకం పెడుతూ, "అమ్మాయ్, చేత్తో వేసిన పట్టిక ఒకటి సిద్ధంగా ఉంచాన్లే. కంగారు పడకు," అన్నారు.

దెప్పుతున్నారనుకున్నాను. కాగితం తీసుకున్నాను.

అర్జంటు కాల్ అని బుక్ చేశాం. తొమ్మిదిన్నర. పది. పదీ పావు. ఫోను మోగలేదు. రెండుసార్లు రిసీవరు ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని చూశాను. "అట్లా ఎత్తితే కాల్ ఎట్లా వస్తదమ్మా?" అని ప్యూను అన్నాడు. పదీ ఇరవైకి మోగింది. పంచింగ్ సెక్షన్‌లో ఉండే పెద్దావిడ పలికింది. శిక్షణలో ఉన్నప్పుడు నన్ను బాగా చూసిన మనిషి.

"అమ్మా, ఒక్క కార్డు మళ్లీ కొట్టాలండీ. నేను చెబుతాను, మీరు రాసుకోండి. మధ్యలో ఎక్కడా ఖాళీ వద్దు."

"ఏం వినొస్తలేదు, జర గట్టిగ చెప్పమ్మా!"

అరిచాను. హాలంతా చూస్తోంది. నాన్నకు చదివినట్టే చదివాను. "ఇఫ్! తెరు! తెరు! లెవెల్! తెరు! ఐ! మూయ్! మూయ్! చుక్క! ఎల్ ఫర్ లండన్! టీ ఫర్ టెనాలి! చుక్క!" సగంలో ఉండగా టెలిఫోన్ ఆపరేటరు మధ్యలోకి వచ్చి, "మూడు నిమిషాలు అయ్యాయి, పొడిగించాలా?" అంది. "పొడిగించండి, పొడిగించండి," అన్నాను. ఎక్కడ ఆపానో మరిచిపోయి మళ్లీ మొదటి నుంచి చెప్పాను.

"అయిందా అమ్మా? ఇప్పుడు మీరు చదవండి. బ్రాకెట్లతో సహా."

ఆవిడ చదివింది. నేను రిసీవరు భుజానికీ చెవికీ మధ్య నొక్కి పట్టుకుని, కళ్లు మూసుకుని, వేళ్లు ముడుచుకుంటూ విన్నాను. ఆరు తెరిచింది. ఆరు మూసింది.

"ఆఖరి సున్నా ఎన్నో గడిలో పడుతుందండీ?"

గరగర శబ్దం. అవతల ఆవిడ లెక్కపెడుతున్నట్టుంది. "అరవై ఒకటిల అయిపోయిందమ్మా. మస్తు జాగున్నది."

ఫోను పెట్టేశాను. పది ముప్పై ఐదు. ఆ తర్వాత చెయ్యడానికి నాకు ఏ పనీ లేదు. అంతకంటే పెద్ద హింస ఇంకొకటి లేదు. పదకొండయింది. పన్నెండయింది. భోజనానికి లేవలేదు. మూడు దాటాక ఫోను మోగితే సూపరింటెండెంటుగారే ఎత్తి, విని, నా వైపు తిరిగి, "తప్పుల్లేవట. పద్నాలుగు పేజీలు వచ్చాయట. ఆదివారం బండికి పంపుతున్నారట," అన్నారు. కుండలోంచి ఆయనే గ్లాసుతో మంచినీళ్లు ముంచి నా బల్ల మీద పెట్టారు.

తప్పుల్లేవంటే వాక్యం కట్టడంలో తప్పు లేదనే. లెక్క సరైనదా కాదా అన్నది వేరే మాట. ఆదివారం సాయంత్రం కాగితాలు వచ్చాక, చేత్తో వేసిన పట్టిక తెచ్చి పక్కన పెట్టిందీ సూపరింటెండెంటుగారే. ఆయన ఇంట్లో వరండాలో కూర్చుని, ఆయన ఒక్కో కాలువ చదువుతుంటే నేను మిషను కాగితంలో చూసుకున్నాను. ఒకే ఒక్క చోట తేడా వచ్చింది. అది ఆయన రిజిస్టరులో కూడిక తప్పు. ఆయన దాన్ని ఎర్రసిరాతో దిద్దుకుని, "ముప్పై ఏళ్ల నుంచి చేస్తన్నా," అని మాత్రం అన్నారు. శనివారం ఆయన అన్నది దెప్పిపొడుపు కాదని, నేను పడిపోతే పట్టుకోవడానికి ఆయన ఆ పట్టిక వేసి ఉంచారని నాకు ఆ వరండాలోనే తెలిసింది.

సోమవారం మీటింగులో పై ఆఫీసరుగారు పేజీలు తిప్పి, "బాగుంది. మరి ఈ మధ్యలో వాన పడితే?" అని అడిగారు.

ఇంజనీరుగారు నా వైపు చూశారు. వానకు నేను ఏ షరతూ రాయలేదు. నాకు ఆ ఆలోచనే రాలేదు. లేచి నిలబడ్డాను. చెవులు వేడెక్కిపోయాయి.

వెనక నుంచి సూపరింటెండెంటుగారు లేచారు. "వానకి మేమున్నామండీ. ఎండకి అమ్మాయి పట్టిక వాడదాం."

అందరూ నవ్వారు. అలాగే జరిగింది కూడా. ఆ ఏడు పట్టికను సగం మిషను ప్రకారం, సగం ఆయన చేతి మీదుగా నడిపారు. నా ఉద్యోగం ఇంకో ఆరు నెలలు పొడిగించారు. వచ్చే ఏటికి వాన షరతు రాయమన్నారు.

నాన్న జూన్ దాకా ఆగలేదు. నా మీటింగు అయిన వారానికి ఆయనే అచ్చుఆఫీసు యజమాని దగ్గరికి వెళ్లి, కళ్లు కనపడటం లేదని చెప్పేశారు. ఎందుకు చెప్పారని అడిగితే, "పట్టికల పుస్తకం వచ్చింది," అన్నారు, అంతే.

యజమాని కుర్చీ చూపించి కూర్చోమన్నాడట. "నాకు తెలుసండి మేస్టారూ. మూడు నెలల నుంచి మీరు దిద్దినయ్యన్నీ ఇంకోసారి చదివిస్తన్నా. మీకు చెప్పడానికి మనసొప్పలేదు," అన్నాడట.

ఇది నాన్న మాతో చెప్పినప్పుడు, కళ్లు పోతున్నాయన్నదానికంటే ఈ మాటే ఆయనకు ఎక్కువ తగిలిందని తెలిసిపోయింది. "ఆ మూడు నెలల్లో నేను వదిలినయ్యి ఎన్ని దొరికినయ్యో అడగలేదు. అడగాల్సింది," అన్నారు.

అమ్మకు అప్పుడే తెలిసింది. నాకు ముందే తెలుసని కూడా తెలిసింది. రెండు రోజులు మా ఇద్దరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున బడికి సెలవు చీటీ రాసి, చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి, "పదండి, కళ్ల డాక్టరు దగ్గరికి. నడిచేటప్పుడు నా చెయ్యి పట్టుకోండి, సిగ్గేం లేదు," అంది.

శుక్లాలు. రెండు కళ్లకూ ఒకదాని తర్వాత ఒకటి ఆపరేషను చేశారు. కట్లు ఉన్నన్నాళ్లూ అమ్మ పేపరు చదివి వినిపించేది. ఆవిడ హడావిడిగా కామాలు మింగేస్తూ చదువుతుంటే ఆయన ఊరుకునేవారు కాదు. ఆ గదిలో అరుపులు వింటే రోగి ఎవరో తెలిసేది కాదు.

సీసా అడుగు లాంటి దళసరి అద్దాలు పెట్టుకుని నాలుగు నెలలకు నాన్న మళ్లీ పనిలోకి వెళ్లారు. చూపు బాగానే వచ్చింది. అయినా యజమాని, ఆయన దిద్దిన తర్వాత ఇంకొకరు చదివే పద్ధతి మాన్పించలేదు. అప్పటి నుంచి అందరి ప్రూఫులకూ అదే నియమం పెట్టాడు, నాన్నకు చిన్నతనం కాకూడదని కాబోలు. నాన్న మాత్రం ఉద్యోగం మానేసే దాకా, సాయంత్రం ఇంటికి రాగానే చొక్కా విప్పుతూ, ఆ రెండో మనిషికి ఇవాళ ఒక్కటీ దొరకలేదని అమ్మతో చెప్పేవారు. దొరికిన రోజు మాత్రం భోజనం దాకా ఎవరితోనూ మాట్లాడేవారు కాదు.